జపాన్‌లో పది రోజులు, అమ్మతో కలిసి కొండలు, పల్లెలు: నేనైతే ఒక్క ద్వీపకల్పం పట్టుకుంటాను

మీ ప్రశ్నని నాకు అర్థమైనట్టు ముందు ఒకసారి చెప్పేస్తాను. మీరు, మీ ఆవిడ, పదేళ్ల పాప, అరవై నాలుగేళ్ల అమ్మగారు. నవంబర్ మొదట్లో పది రోజుల సెలవు. టోక్యో, క్యోటో ఇంతకుముందే చూసేశారు కాబట్టి ఈసారి సిటీలు వద్దు. అడవి దారుల్లో నడవాలి, పల్లెల్లో పడుకోవాలి, పాత ఆచారాలు దగ్గర్నుంచి చూడాలి. అమ్మగారు గుడ్డు కూడా ముట్టరు, మోకాళ్లు కాస్త ఇబ్బంది పెడుతుంటాయి. మీ లిస్టులో నిక్కో, కమికోచి, తకయామా, షిరకావా-గో, కుమానో, హిరోషిమా ఉన్నాయి. ఇందులో ఏది తీసేయాలి అని అడిగారు.

ఒసాకాకు దక్షిణాన కీయీ ద్వీపకల్పంలో ఉన్న కుమానో ఒక్కటి ఉంచి మిగతావన్నీ తీసేయండి. దానికి ముందు అక్కడే ఉన్న గుళ్ల కొండ కోయాసాన్, చివర్లో నగోయా అవతలి కిసో లోయ కలుపుకోండి. పది రోజులకు అది నిండుగా సరిపోతుంది.

నేను పదకొండేళ్లుగా నగోయాలో ఉంటున్నాను. మా ఊరు తెనాలి. ఈ దారుల్లో ఒంటరిగా, ఫ్రెండ్స్‌తో, ఒకసారి మా అమ్మానాన్నలతో తిరిగాను. మొదటి రెండేళ్లూ నేనూ మీలాంటి లిస్టులే వేసుకుని పరిగెత్తాను. బుల్లెట్ ట్రైన్ చూసి మనం మోసపోతాం. నగోయా నుంచి టోక్యో దాదాపు 350 కిలోమీటర్లు, గంటా నలభై నిమిషాల్లో దింపేస్తుంది. దాన్ని చూసి దేశమంతా అంతేననుకుంటాం. అదే కీయీ-తనాబే స్టేషన్‌లో దిగి అక్కడి పెద్ద గుడి కుమానో హోంగూకి వెళ్లాలంటే బస్సులో దాదాపు రెండు గంటలు పడుతుంది. కొండ మలుపులు, ఒక్కో పల్లె దగ్గరా ఒక్కో ముసలమ్మ దిగడం. ఆ బస్సులు కూడా రోజుకు లెక్కపెట్టినన్నే. మీ లిస్టులో ఉన్నవాటిలో హిరోషిమా తప్ప ఏదీ బుల్లెట్ ట్రైన్ దిగగానే చేతికందేది కాదు. ఆరు చోట్లూ తిరిగితే మీ పాపకు గుర్తుండేది బస్టాండ్లే.

ఇంకో కారణం కూడా ఉంది, నా వరకు అదే అసలుది. మీరు నడక, సంస్కృతి అని రెండు వేర్వేరు కోరికలు రాశారు. కీయీ ద్వీపకల్పంలో అవి రెండు కావు. అక్కడ కొండే గుడి, జలపాతమే దేవుడు, నడకే పూజ. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి తిరుమల వెళ్లినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. ట్రెక్కింగ్ చేశామని మనం అక్కడ ఎవ్వరం అనం, "నడిచి వెళ్లాం" అంటాం. కుమానో దారులూ అలాంటివే. వెయ్యేళ్లకు పైగా చక్రవర్తుల నుంచి బిచ్చగాళ్ల దాకా నడిచిన దారులివి. 2004లో యునెస్కో వీటిని, కోయాసాన్‌ని, యోషినోని కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. స్పెయిన్‌లోని సాంటియాగో నడకదారికి, కుమానోకి మధ్య ఒప్పందం కూడా ఉంది. రెండూ నడిచినవాళ్లకు జంట యాత్రికులని పత్రం ఇస్తారు.

ముందు కోయాసాన్. ఒసాకాలో నంబా స్టేషన్ నుంచి నంకాయ్ రైలు ఎక్కితే గొకురకుబాషి దాకా వెళ్తుంది. అక్కడ కేబుల్ కారు, పైన బస్సు. సముద్రమట్టానికి దాదాపు 800 మీటర్ల ఎత్తున, చుట్టూ కొండల మధ్య పళ్లెంలా ఉండే ఊరు. నూటికి పైగా గుళ్లున్నాయి, వాటిలో యాభై దాకా యాత్రికులకు బస ఇస్తాయి. ఆ బసను షుకుబో అంటారు. మీరు రెండు రాత్రులు అక్కడే ఉండండి. ఒక్క రాత్రి ఉండి వచ్చేసేవాళ్లు ఎక్కువ, అది తొందరపాటని నా అభిప్రాయం. మొదటి రోజు సామాను దించి గది చూసుకునేసరికే ఐదున్నరకు భోజనం పెట్టేస్తారు.

ఈ ఊరిని 816లో కూకాయ్ అనే బౌద్ధ సన్యాసి స్థాపించాడు. పోయాక వచ్చిన పేరు కోబో దైషి. 835లో ఆయన చనిపోయాడని అక్కడివాళ్లు అనరు, సమాధిలోకి వెళ్లి ధ్యానంలో ఉన్నాడంటారు. అందుకే ఇప్పటికీ రోజూ పొద్దున ఆరింటికి, పదిన్నరకు ఆయనకు భోజనం మోసుకెళ్తారు. తెల్లటి చెక్కపెట్టెను ఇద్దరు సన్యాసులు భుజాన పెట్టుకుని నడుస్తారు, ముందు ఒకాయన. ఇదంతా నేను మా అమ్మకు వివరిస్తుంటే సగంలోనే "అంటే మన మంత్రాలయం రాఘవేంద్రస్వామి లాగా, బృందావనంలో ఉన్నట్టన్నమాట" అంది. నాకు పదేళ్లుగా తట్టని పోలిక ఆవిడకు పది సెకన్లలో తట్టింది.

ఆ భోజనం వెళ్లే చోటు ఒకునోయిన్. రెండు కిలోమీటర్ల దారి, రెండు పక్కలా వందల ఏళ్ల దేవదారు చెట్లు, వాటి మొదళ్లలో రెండు లక్షలకు పైగా సమాధులు. పాత ప్రభువుల సమాధుల పక్కనే కంపెనీలు కట్టించినవీ ఉన్నాయి. రాకెట్ ఆకారంలో ఒకటి ఉంది, చెదపురుగుల ఆత్మశాంతికి పురుగుమందుల వ్యాపారులు కట్టించింది ఇంకొకటి ఉంది. పాపకు వీటిని వెతికే పని అప్పజెప్పండి, రెండు కిలోమీటర్లూ పేచీ పెట్టకుండా నడుస్తుంది. చివర్లో ఒక వంతెన వస్తుంది. అది దాటాక ఫోటోలు తీయకూడదు, టోపీ తీసేయాలి, ఏమీ తినకూడదు.

అక్కడ రాతి సమాధుల మీద చూడండి. ఐదు రాళ్లు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుంటాయి. ఒక్కో రాయి మీద ఒక్కో అక్షరం చెక్కి ఉంటుంది. అది జపనీస్ కాదు, సిద్ధం లిపి. మన దేశంలో పుట్టి, ఇక్కడ మాయమై, అక్కడ ఇంకా బతికున్న లిపి. పైనుంచి కిందికి ఖ, హ, ర, వ, అ. అంటే ఆకాశం, గాలి, నిప్పు, నీరు, భూమి. కోయాసాన్‌లో కొన్నిచోట్ల ఆ "అ" అక్షరాన్ని పద్మం మీద రాసి ముందు పెట్టుకుని ధ్యానం చేయించే తరగతులున్నాయి, కొత్తవాళ్లను కూడా కూర్చోబెడతారు. మీ పాపకు అ-ఆలు వచ్చు కదా, కూర్చోబెట్టండి.

పొద్దున ఆరు, ఆరున్నర ప్రాంతంలో గుడిలో పూజ ఉంటుంది. నిద్ర మానుకుని తప్పకుండా వెళ్లండి. మేం దిగిన గుళ్లో పూజ అయ్యాక ఇంకో మండపంలోకి తీసుకెళ్లారు. మధ్యలో చిన్న గుండం. సన్యాసి కూర్చుని పుల్లలు ఒక్కొక్కటే పేర్చి, నూనె చల్లి, నిప్పంటించాడు. పక్కన ఇంకొకాయన పెద్ద డోలు మీద దెబ్బ వేస్తున్నాడు. మంట మనిషి ఎత్తు లేచింది. మా అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని చెవిలో "ఇది హోమమే కదరా" అంది. అవును, దాని పేరే గోమా. మంత్రాల చివర వాళ్లు "సోవాకా" అంటుంటే మొదట ఏమీ అర్థం కాదు, రెండు మూడుసార్లు విన్నాక అది "స్వాహా" అని తెలుస్తుంది. "ఓన్ అబోకియా బేరోషానో" అని మొదలయ్యే మంత్రం "ఓం అమోఘ వైరోచన". సంస్కృతం చైనా మీదుగా నడిచి నడిచి అరికాళ్లు అరిగిపోయి అక్కడికి చేరినట్టుంటుంది.

మన తెలుగువాళ్లకు ఇంకో ముచ్చట. కూకాయ్ తెచ్చిన షింగోన్ సంప్రదాయంలో గురుపరంపర పటాలు గుళ్లలో వేలాడుతుంటాయి. అందులో ర్యూమ్యో అని రాసున్న ఆయన ఎవరో కాదు, నాగార్జునుడు. దక్షిణ భారతంలో ఒక ఇనుప స్తూపం తలుపులు తెరిచి ఆయన ఈ విద్యను అందుకున్నాడని వాళ్ల గాథ. ఆ స్తూపం మన అమరావతిదేనని కొందరు పండితులు ఊహించారు. చరిత్ర మాట పక్కనపెట్టినా, తెనాలి నుంచి గంట దూరంలో ఉన్న ఊరి ఊసు జపాన్ కొండమీద వినిపిస్తే ఒళ్లు జలదరిస్తుంది.

నడవాలనే కోరిక మీకు ఎక్కువగా ఉంటే, కింద కుదోయామా దగ్గర జిసోన్-ఇన్ గుడి నుంచి పైకి పాత దారి ఉంది. ఇరవై కిలోమీటర్లకు పైనే. దాదాపు 109 మీటర్లకొక రాతిస్తంభం, గరాన్ అనే పెద్ద ప్రాంగణం దాకా మొత్తం 180. ఒక రోజంతా పడుతుంది. నలుగురూ కలిసి వెళ్లేది కాదు, పాపను, అమ్మగారిని మీ ఆవిడకు అప్పజెప్పి వెళ్లాల్సింది, కాబట్టి ఇంట్లో సెటిల్ చేసుకోండి.

తిండి సంగతి. అమ్మగారికి ఈ మొత్తం ట్రిప్పులో హాయిగా ఉండేది కోయాసాన్‌లోనే. గుళ్లలో పెట్టేది షోజిన్ వంట, మాంసం, చేప, గుడ్డు లేనిది. ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు, కార్తీకమాసం భోజనమే అనుకోండి. గోమా-దోఫు అని మెత్తగా, వెన్నలా జారేది పెడతారు. పేరుకు దోఫు (టోఫు) గానీ సోయా ఉండదు, నువ్వులు, ఒక దుంప పిండి కలిపి చేస్తారు. ఇక్కడ గోమా అంటే నువ్వులు, హోమం కాదు. మా నాన్న ఈ రెంటినీ కలిపేసి "హోమంలో వేసిన ప్రసాదమా?" అని అడిగారు.

కొండ దిగాక అసలు కష్టం మొదలవుతుంది. జపాన్‌లో శాకాహారికి శత్రువు కనబడే చేప కాదు, కనబడని దాషి. అది ఎండబెట్టిన చేప తురుముతో కాచిన నీళ్లు. మిసో సూప్‌లో, నూడుల్స్‌లో, ఉడకబెట్టిన కూరగాయల్లో, టెంపురా ముంచుకునే రసంలో, అన్నిట్లో అదే. "నేను వెజిటేరియన్" అంటే వాళ్లు ముక్కలు తీసేసి అదే రసం పోసి నవ్వుతూ ఇస్తారు, తప్పు చేశామనే అనుకోరు. అందుకే "నికు, సకానా, తమాగో, కత్సువో దాషి, తబేమాసెన్" అని నేర్చుకోండి. మాంసం, చేప, గుడ్డు, చేప దాషి తినను అని. "కొంబు దాషి దైజోబు" అని కూడా కలపండి, సముద్రపు పాచి రసం ఫర్వాలేదని. ఫోన్‌లో జపనీస్‌లో రాయించి పెట్టుకుని చూపిస్తే ఇంకా నయం. కుమానోలో పల్లె బసలకు, అంటే మిన్షుకులకు, బుకింగ్ సమయంలోనే ఇది రాసేయండి. వెళ్లాక చెబితే ఆ ముసలి దంపతులు కంగారు పడిపోతారు, వాళ్లు సరుకులు తెచ్చుకోవాలంటే దగ్గర్లో అంగడి ఉండదు.

కోయాసాన్, కుమానో ఉన్న వకయామా ప్రాంతం అంటే ఉమెబోషికి, మికాన్ కమలాలకు పేరు. ఉమెబోషి ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన పుల్లటి పండు, మనవాళ్లకు ఒక్కసారికే అలవాటైపోతుంది. మా అమ్మ అన్నంలో కలుపుకుని "కారం వేస్తే మన ఊరగాయే" అని తేల్చేసింది. కానీ ప్యాకెట్ మీద కత్సువో అని ఉంటే కొనకండి, అందులో చేప తురుము కలుస్తుంది. కన్వీనియన్స్ షాపుల్లో చక్కెర లేని ప్లెయిన్ పెరుగు డబ్బా, వేడిచేసుకునే అన్నం ప్యాకెట్ దొరుకుతాయి. కందిపొడి, గోంగూర పచ్చడి మీ దగ్గర ఉంటే ఇక ఢోకా లేదు. కరివేపాకు, పచ్చిమిర్చి, పళ్లు మాత్రం ఇండియా నుంచి పట్టుకెళ్లకండి, ఎయిర్‌పోర్టులో తీయించేస్తారు.

కోయాసాన్ నుంచి కుమానోకి కాలినడక దారి ఉంది, కొహెచి అంటారు. దాదాపు 70 కిలోమీటర్లు, మూడు నాలుగు రోజులు, వెయ్యి మీటర్లు దాటే కనుమలు. మీరు దాని జోలికి వెళ్లొద్దు. సీజన్‌లో ముందుగా సీటు బుక్ చేసుకునే బస్సు ఒకటి నడుస్తుంది, మీ తేదీల్లో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే కొండ దిగి హషిమోతో, వకయామా మీదుగా కీయీ-తనాబేకి రైలు, అక్కడ్నుంచి బస్సు. ఏ విధంగా వెళ్లినా ఒక రోజు పోతుంది, పోనివ్వండి. సముద్రం పక్కన రైలు వెళ్లే ఆ దారి కూడా చూడదగ్గదే.

కుమానోలో మూడు రాత్రులు యునోమినే అనే వేడినీటి బుగ్గల పల్లెలో దిగండి. చిన్న లోయ, మధ్యలో వాగు, గంధకం వాసన, గట్టు మీద పట్టుమని పది పదిహేను బసలు. వాగు ఒడ్డునే చెక్కలతో కట్టిన చిన్న గుడిసె ఉంటుంది. దాని పేరు త్సుబోయు. ప్రపంచ వారసత్వ జాబితాలో ఉండి కూడా మనం దిగి స్నానం చేయగలిగే బుగ్గ అది. ఇద్దరు ముగ్గురు పడతారు, లోపల గడియ పెట్టుకోవచ్చు, అరగంట టైము ఇస్తారు, నంబర్ బిళ్ల తీసుకుని వంతు కోసం చూడాలి. ఇది ఎందుకు ఇంత వివరంగా చెప్తున్నానంటే, ఆన్‌సెన్ అనే వేడినీటి స్నానాల దగ్గర మన ఆడవాళ్లకు వచ్చే ఇబ్బంది నాకు తెలుసు. అక్కడ ఆడా మగా విడివిడిగానే, కానీ ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు. ముందు చిన్న స్టూలు మీద కూర్చుని ఒళ్లు శుభ్రంగా తోముకుని, తర్వాతే తొట్టిలో దిగాలి. టవల్ నీళ్లలో ముంచకూడదు. కొత్తవాళ్ల ముందు అలా దిగడానికి మా అమ్మ ససేమిరా అంది. అలాంటివాళ్లకు త్సుబోయు, లేదా బసలో "కషికిరి" అని అడిగితే ఇచ్చే సొంత గది స్నానం. రెండో రోజు ఆవిడే "ఇంకోసారి బిళ్ల తీసుకురా" అని నన్ను పంపింది. మోకాళ్లకు బాగుందట. నీళ్లు బాగా వేడిగా ఉంటాయి, చన్నీళ్ల పంపు పక్కనే ఉంటుంది, మొహమాటపడకుండా కలుపుకోండి.

అదే వాగులో రాళ్లతో కట్టిన ఒక గుంట ఉంది, యుజుత్సు అంటారు. దాదాపు 90 డిగ్రీల నీళ్లు ఉబికి వస్తుంటాయి. ఊళ్లోవాళ్లు, యాత్రికులు అక్కడ గుడ్లు, దుంపలు ఉడకబెట్టుకుంటారు. వలసంచీలో గుడ్లు పెట్టి అమ్మే చిన్న కొట్టు పక్కనే ఉంది. మేం చిలగడదుంపలు తెచ్చుకుని, వలసంచీ తాడు కొక్కేనికి కట్టి నీళ్లలోకి వదిలి, గట్టు మీద కూర్చున్నాం. సాయంత్రం నాలుగున్నర. ఆవిరి కమ్మేస్తోంది. పక్కన ఒక జపాన్ తాతగారు ఆకుకూర కట్ట ఉడకేసుకుంటున్నారు, మా దుంపలు చూసి వేళ్లతో సైగ చేసి "ఇంకా టైము పడుతుంది" అన్నట్టు చెప్పారు. అరగంట దాటాక తీసి తొక్క ఒలిచి తిన్నాం. పదకొండేళ్లలో జపాన్‌లో నేను తిన్న గొప్ప భోజనాల్లో అదొకటి, ఖర్చు మూడొందల యెన్‌లు కూడా కాలేదు.

నడకకు మీ కుటుంబానికి సరైన ముక్క హొస్షిన్‌మోన్-ఓజీ నుంచి హోంగూ గుడి దాకా. బస్సులో పైకి వెళ్లి దిగి నడవడమే. ఏడు కిలోమీటర్లు, ఎక్కువ దిగుడే, ఆగుతూ నడిస్తే మూడు గంటలు. మొదటి సగం పల్లె మధ్యలోంచి పోతుంది. తేయాకు మడులు, ఇళ్ల ముందు ఎవరూ లేని చిన్న బల్లలు. బల్ల మీద కమలాలు, ఉమెబోషి, పక్కన డబ్బులేసే డబ్బా. దారిలో ఓజీ అనే చిన్న చిన్న గుళ్లు వస్తాయి, ఒక్కోచోట చెక్కపెట్టెలో ముద్ర, సిరా ఉంటాయి. తనాబేలోనో హోంగూలోనో ముద్రల పుస్తకం తీసుకుని పాప చేతిలో పెట్టండి. ఇక నడిపించే పని ముద్రలే చూసుకుంటాయి. దిగుడు మోకాళ్లను ఎక్కువ బాధపెడుతుంది కాబట్టి అమ్మగారికి రెండు చేతికర్రలు ఇవ్వండి, లేదా ఆవిడను బస్సులో నేరుగా హోంగూకి పంపి అక్కడ కలుసుకోండి.

ఆ దారిలో ఫుషిఒగామి-ఓజీ అని ఒకటి వస్తుంది. పేరుకు అర్థం సాష్టాంగపడి మొక్కే చోటు. అన్ని రోజులు నడిచి వచ్చినవాళ్లకు మొదటిసారి హోంగూ కనబడేది ఇక్కడే. ఇక్కడే ఒక కథ చెప్తారు. వెయ్యేళ్ల కిందటి కవయిత్రి ఇజుమి షికిబు ఇంతదూరం నడిచి వచ్చాక, సరిగ్గా ఇక్కడికి రాగానే నెలసరి వచ్చింది. ఇక గుడికి వెళ్లే యోగ్యత లేదని కుమిలిపోతూ పద్యం చెప్పుకుని పడుకుంది. ఆ రాత్రి కుమానో దేవుడు కలలో కనబడి, ధూళిలో కలిసి తిరిగే దేవుణ్ని నేను, నాకు అదేం అడ్డు, రా అన్నాడట. కథే కావచ్చు. కానీ కుమానో ఆడవాళ్లను, రోగులను, గుడ్డివాళ్లను ఎవర్నీ కాదనని క్షేత్రంగా పేరు తెచ్చుకుంది. అదే కోయాసాన్‌లో 1872లో ప్రభుత్వం ఆంక్ష ఎత్తేసేదాకా ఆడవాళ్లను లోపలికి రానివ్వలేదు. ఊరి పొలిమేరలో న్యోనిందో అనే ఆడవాళ్ల మండపం ఇప్పటికీ ఉంది, వాళ్లు అక్కడే ఆగి, కొండ అంచున చుట్టూ తిరుగుతూ మొక్కుకునేవారు. ఒకే ద్వీపకల్పంలో రెండు పవిత్ర కొండలు, రెండు పద్ధతులు. మా ఆవిడకు ఈ మొత్తం ట్రిప్పులో నచ్చింది ఈ ఫుషిఒగామి దగ్గర నిలబడ్డ పది నిమిషాలేనట.

హోంగూ గుడి ఇప్పుడున్నది కొండ మీద. 1889 వరదకు ముందు నది ఒడ్డున ఇసుకమేటలో ఉండేది. పాత చోటు పేరు ఒయునోహారా, పది నిమిషాల నడక. అక్కడ 2000లో కట్టిన తోరణం ఎత్తు దాదాపు 34 మీటర్లు. పొలాల మధ్య హఠాత్తుగా కనబడుతుంది. గుళ్లో ప్రతిచోటా మూడు కాళ్ల కాకి బొమ్మ ఉంటుంది. జపాన్ ఫుట్‌బాల్ జట్టు చొక్కా మీదుండే కాకి అదే.

తర్వాతి రోజు నాచి. మీరు చూసే ఫోటోల్లో ఎర్ర గోపురం వెనక జలపాతం, అదే. దైమోన్‌జకా అనే రాతిమెట్ల దారి 267 మెట్లు, ఆరొందల మీటర్లు, తిరుమల నడిచినవాళ్లకు లెక్కే కాదు. పైన గుడికి ఇంకా మెట్లున్నాయి, అమ్మగారికి బస్సు ఉంది. జలపాతం 133 మీటర్లు. దానికి అడ్డంగా తాడు కట్టి ఉంటుంది, అంటే అదే గర్భగుడి. పక్కనున్న సెయిగాంతో-జి బౌద్ధ గుడి స్థలపురాణం అడగండి. ఇండియా నుంచి ఓడలో కొట్టుకొచ్చిన ఒక దిగంబర సన్యాసి దాన్ని మొదలుపెట్టాడంటారు. కింద నాచి స్టేషన్ దగ్గర ఫుదరకుసాన్-జి అని చిన్న గుడి ఉంది, టూరిస్టులు దాదాపుగా వెళ్లరు. ఫుదరకు అంటే పోతలకం, అవలోకితేశ్వరుడు ఉండే కొండ, దక్షిణ భారతంలో ఉందని నమ్మేవారు. అక్కడికి చేరాలని సన్యాసులు కిటికీలు లేని చిన్న పడవలో కూర్చుని, బయటినుంచి మేకులు కొట్టించుకుని సముద్రంలోకి వెళ్లిపోయేవారు. ఆ పడవ నమూనా గుడి ముందు పెట్టారు. పాపకు ఎంతవరకు చెప్పాలో మీ ఇష్టం.

ఓగుమోతోరి-గోయె అని నాచికి, కొగుచికి మధ్య ఒక దారిని ఇన్‌స్టాలో చాలామంది పెడుతుంటారు. పద్నాలుగున్నర కిలోమీటర్లు, అందులో ఒక ఎక్కుడు పేరే "నడుం విరిచే వాలు". నేను ఇరవై తొమ్మిదేళ్ల వయసులో ఎక్కి మర్నాడు మెట్లు దిగలేకపోయాను. వద్దు.

నా తప్పొకటి చెప్తాను, మీకు పనికొస్తుంది. మొదటిసారి ఫ్రెండ్స్‌తో వెళ్లినప్పుడు జలపాతం దగ్గర ఫోటోలు తీసుకుంటూ సాయంత్రం బస్సు వదిలేశాం. తర్వాతి బస్సు లేదు. టాక్సీ దొరికి మిన్షుకు చేరేసరికి ఏడున్నర దాటింది. ఇంటావిడ, డెబ్బై ఏళ్లు పైనే ఉంటాయి, టార్చిలైటు పట్టుకుని రోడ్డు మలుపు దగ్గర నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో అడిగే ధైర్యం చేయలేదు. ఆరింటికి వడ్డించాల్సిన గిన్నెలన్నీ మూతలు పెట్టి వరుసగా ఉన్నాయి, అన్నం మళ్లీ వేడి చేసి పెట్టింది. ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధేసింది. పల్లెల్లో ఐదింటికల్లా బసకు చేరాలి. ఆలస్యమైతే ఫోన్ చేయాలి. నవంబర్ మొదట్లో ఐదింటికే చీకటి పడుతుంది, అడవిలో ఇంకా ముందే. పొద్దున ఎనిమిదికి నడక మొదలుపెట్టండి. బస్సు టైముల కాగితం ఫోటో తీసి పెట్టుకోండి, కొండల్లో సిగ్నల్ పోతుంది.

నాచి తర్వాత కీయీ-కత్సువురాలో ఒక రాత్రి. ట్యూనా చేపల రేవు, అమ్మగారు ముక్కు మూసుకుంటారు, కానీ రైలుకు దగ్గర. పొద్దున నంకీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దాదాపు నాలుగు గంటల్లో నగోయా, అక్కడ మారి షినానో ఎక్స్‌ప్రెస్‌లో యాభై నిమిషాలకు నకత్సుగావా, అక్కడ్నుంచి అరగంట బస్సులో మగోమే. కిసో లోయ ఇదే. ఈ లోయ గుండా పోయేది ఎదో (అంటే ఇప్పటి టోక్యో) నుంచి క్యోటో దాకా 69 మజిలీలతో నడిచిన పాత రాజమార్గం. మగోమే నుంచి త్సుమాగో ఎనిమిది కిలోమీటర్లు, మూడు గంటలు. దారి పొడవునా ఎలుగుబంట్లకు వినబడేలా కొట్టమని గంటలు వేలాడదీశారు, పాప ఒక్కటీ వదలదు. ఎలుగుబంట్లు నిజమే. 2025లో జపాన్‌లో ఎలుగుబంటి దాడుల మరణాలు రికార్డుకెక్కాయి, ఎక్కువ ఉత్తరాన అకితా, ఇవాతే వైపు. ఈ దారిలో జనం ఉంటారు, గంట కొడుతూ పగటిపూట నడవండి, చాలు.

త్సుమాగో వీధిలో కరెంటు తీగలు కనబడవు, పగలు కార్లు రావు. 1971లో ఊరివాళ్లే కూర్చుని ఇళ్లు అమ్మం, అద్దెకివ్వం, పడగొట్టం అని రాసుకున్నారు. చుట్టూ ఉన్న హినోకి చెట్లను పాతకాలంలో నరికితే "చెట్టుకొక తల" అనేవారట. ఇసే గుడిని ఇరవై ఏళ్లకోసారి కొత్తగా కట్టేటప్పుడు కలప ఇక్కడి నుంచే వెళ్తుంది. ఇక్కడ సుంకి అని ఒక ఆకు పచ్చడి దొరుకుతుంది, ఉప్పు అస్సలు వేయకుండా పులియబెట్టింది. ఉప్పు లేని పచ్చడేంటని గుంటూరు జిల్లావాడిగా నాకు ఇప్పటికీ ఒప్పుకోబుద్ధి కాదు గానీ, పులుపు మాత్రం గోంగూరకు దగ్గర్లో ఉంటుంది.

డబ్బుల విషయం. జపాన్ రైల్ పాస్ కొనకండి. 2023 అక్టోబర్‌లో ఏడు రోజుల పాస్ 29,650 నుంచి 50,000 యెన్‌లు అయింది. కోయాసాన్ రైలు, కొండ బస్సులు అందులో రానే రావు, మీ దారికి అది దండగ. గుళ్లలో, మిన్షుకుల్లో రెండు పూటల భోజనంతో కలిపి మనిషికి 12,000 యెన్‌ల నుంచి పైకి అనుకోండి. పల్లెల్లో నోట్లే నడుస్తాయి, కొండెక్కకముందే పోస్టాఫీసు ఏటీఎంలోనో సెవెన్ ఇలెవన్‌లోనో తీసుకోండి. పెద్ద సూట్‌కేసులను ఒసాకా నుంచి నగోయా హోటల్‌కి కొరియర్‌లో పంపేసి, ఒక్కొక్కరు ఒక బ్యాగుతో తిరగండి. కుమానోలో బస నుంచి బసకు సామాను చేర్చే ఏర్పాటు కూడా ఉంది. బుకింగ్‌కి తనాబే సిటీ కుమానో టూరిజం బ్యూరో వాళ్ల సైట్ ఇంగ్లీషులో ఉంది, మిన్షుకులు చాలావరకు అక్కడే దొరుకుతాయి. యునోమినేలో గదులు తక్కువ, నవంబర్ అంటే ఆకులు ఎర్రబడే కాలం, ఐదారు నెలల ముందే చూసుకోండి.

ఇదే ప్రశ్న వేసవి సెలవుల్లో వచ్చేవాళ్లు అడిగితే నా జవాబు వేరేగా ఉండేది. ఆగస్టు 13 నుంచి 16 దాకా గుజో హచిమాన్‌లో తెల్లవార్లూ చెక్కచెప్పులేసుకుని ఊరంతా వీధిలో ఆడతారు, మనల్నీ వరుసలోకి లాగేస్తారు. అది ఇంకోసారి రాస్తాను.

మీ తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, ఏ రోజు ఏ బస్సో చూసి చెప్తాను. యునోమినేకి వెళ్లేటప్పుడు చిలగడదుంపలు తనాబేలోనే కొనేసుకోండి, ఊళ్లో దొరుకుతాయన్న గ్యారంటీ లేదు. ఉప్పూకారం పొట్లం ఇంటి నుంచే పట్టుకెళ్లండి.